ఏ కొస ఈ నెలది?

"ఒత్తిడి ఎంతుందో నన్నడిగితే చెప్పనా? దానికి జుట్టెందుకండీ?"

అంబులెన్స్ డ్రైవర్ కుర్చీలో కూర్చుంటూనే పేచీ మొదలుపెట్టాడు. కత్తెర పట్టుకుని నిలబడ్డ అమ్మాయికి ఒళ్లు మండింది. డ్రైవర్ల ఒత్తిడి మీద జరుగుతున్న ఆ స్టడీలో జుట్టు సేకరించడమే ఆమె ఉద్యోగం.

"అడిగాంగా! ఇరవై ప్రశ్నలకీ లేదు, లేదు అని టిక్కు పెట్టారు. దిగులు లేదు, కోపం లేదు. మీరసలు మనిషేనా?"

"డ్రైవర్నండీ."

ఎంత బిగపట్టుకున్నా నవ్వొచ్చేసింది. జుట్టు నెలకో సెంటీమీటరు పెరుగుతుందనీ, ఒత్తిడి హార్మోను అందులో నిలిచిపోతుందనీ, తల వైపు కొస ఈ నెలదనీ ఓపిగ్గా చెప్పింది. తల వంచమంది.

వంచిన తల ఎత్తకుండానే అతను మెల్లగా అన్నాడు. "పోయిన వారం ఒక పాపని తీసుకెళ్లాను. ఆసుపత్రి గేటు దాకా ఊపిరుంది."

ఆమె జుట్టు కత్తిరించి, ఒక కొసకి దారం కట్టి, రేకులో పొట్లం చుట్టింది.

మర్నాడు ఆ రేకు పొట్లం విప్పగానే ఆమెకి తన తప్పు తెలిసొచ్చింది. కత్తిరించకముందే తల వైపు దారం కట్టాలి. నిన్న ముందు కత్తిరించి, కళ్లు తుడుచుకుని, తర్వాత కట్టింది. మూడు సెంటీమీటర్ల పొట్టి జుట్టు, రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. దారం తప్పు కొసన ఉంటే, పాప చనిపోయిన వారం లెక్కలో మూడు నెలల వెనక్కి పోతుంది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ వారాన్ని అబద్ధం చెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. ఇన్‌ఛార్జికి చెప్పి చీవాట్లు తింది. అతనికి ఫోన్ చేసింది.

"మళ్లీనా? తల్లో ఉన్న గుంటకే స్టాండులో అందరూ నవ్వుతున్నారు" అంటూ వచ్చాడు.

"తప్పు నాదేనండీ. పాప సంగతి విన్నాక చెయ్యి ఆడలేదు. దారం ఎటు కట్టానో తెలీదు."

అతని మొహంలో నవ్వు పోయింది. "ఏడ్చారా?"

తలూపింది.

అతను కుర్చీలో కూర్చున్నాడు. "మధ్యలో మానేయొచ్చని నేను సంతకం పెట్టిన కాగితంలో ఉంది కదా. మానేస్తే మీతో టీ తాగొచ్చా?"

సరే అనేయాలని ఆమెకి నాలుక చివరిదాకా వచ్చింది. స్టడీలో ఉన్నవాళ్లతో స్నేహాలు కూడదు. "మానకండి. మీ డ్రైవర్లకి సెలవులు కావాలని అడగాలంటే ఈ లెక్కలే ఆధారం. మీ ఫైలు నుంచి నేనే తప్పుకుంటాను."

పక్కగదిలోంచి సీనియర్ అక్కని పిలిచి, సంగతి చెప్పి కత్తెర ఇచ్చేసింది.

"ఇంతమందిలో ఈయన తలే బరువైందా నీకు?" అంటూ అక్క ఫైలు మీద పేరు మార్చి సంతకం పెట్టించింది. దారం ముందే బిగించింది.

ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. ఇప్పుడు అడగొచ్చు.

"ఆ పాప పేరేంటి?"

"తెలీదు. అడిగే టైమ్ లేదు." భుజాలు అదిరాయి. "అడగాల్సిందండీ. పేరు పెట్టి పిలిస్తే పలికేదేమో."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. కదలొద్దని అందర్నీ కసిరే అక్క, కత్తెర గాల్లోనే ఆపి అతను తేరుకునేదాకా నిలబడింది.

"రేపు నాలుగింటికి డ్యూటీ దిగుతాను" అన్నాడు.

"వస్తాను" అంది, చెయ్యి వదలకుండానే.