ఒకే పెట్టె, రెండు బడులు

నేను మ్యూజియంలోకి అడుగుపెట్టేసరికి ఆ పెట్టె పిడి ఒకమ్మాయి చేతిలో ఉంది. రెండో పిడి నేను పట్టుకున్నాను.

అమెరికా రాజ్యాంగం రాసిన నాటి ఉత్తరాల నకళ్లు, బాతు ఈకల కలాలు ఉన్న పెట్టె అది. మా మిన్నెసోటా జిల్లా మొత్తానికి అదొక్కటే. బళ్లకు వారంపాటు ఇస్తారు. సెప్టెంబరు పదిహేడు, రాజ్యాంగ దినాన నా పాఠం వినడానికి ప్రిన్సిపల్ వస్తానన్నారు. అది నచ్చితేనే వచ్చే ఏడాది నాకు ఉద్యోగం. మా ఇంట్లో కాలేజీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. పాల ట్యాంకరు నడిపే మా నాన్న ఇప్పటికే ఊరంతా ‘మా వెండెల్ మాస్టారు’ అని చెప్పుకుంటున్నాడు.

“నా క్లాసులో ముప్పై ఇద్దరు పిల్లలండీ,” అన్నాను.

“మా బడి మొత్తానికి పదకొండు మందే. అందుకని మాది బడి కాదా?”

ఆమె పేరు మారిట్, ఆ చిన్న బడి టీచరు. కళ్లద్దాల మీద వాన చినుకులు తుడుచుకోకుండానే పోట్లాడింది. మ్యూజియం చూసుకునే మిసెస్ టోర్సెన్ నవ్వి, మీలో మీరు తేల్చుకుని రేపు ఫోన్ చేయమంది.

ఇంటికొచ్చాక ఆ పదకొండు మందీ, ఆ చినుకులూ మనసులోంచి పోలేదు. మర్నాడు మిసెస్ టోర్సెన్‌కి ఫోన్ చేసి, పెట్టె నాకు అక్కర్లేదన్నాను. మారిట్ కోసమని చెప్పలేదు. చెబితే ఆమె మొహమాటపడుతుంది. మా వైపు ఉపకారం చేసినా బయటపడకూడదు.

పదహారో తేదీ మధ్యాహ్నం మారిట్ మా బడికే వచ్చింది.

“ఒకసారి పెట్టె చూపిస్తారా? మా బోర్డు మీద వేయడానికి నాలుగు బొమ్మలు గీసుకుపోతాను.”

“నా దగ్గరెక్కడిది? మీకే వదిలేశాను కదా.”

“అయ్యో, నేను మీకు వదిలేశాను!”

ఇద్దరూ వద్దన్నారని మిసెస్ టోర్సెన్ దాన్ని మూడో బడికి ఇచ్చేసిందట. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. ముందు నవ్వింది ఆమే.

పాఠం ఇద్దరం కలిసి చెబుదామనుకున్నాం. మర్నాడు తన పదకొండు మందినీ వ్యానులో మా బడికి తీసుకొచ్చింది. ఉత్తరాల్లేవు, కలాల్లేవు. రెండు బళ్లూ కలిసి వెళ్లే విహారయాత్ర ఎక్కడికో, ఓటు ఎలా వేయాలో మీరే తేల్చండని పిల్లలకు అప్పగించాం. తలకో ఓటన్నారు మావాళ్లు. బడికో ఓటన్నారు వాళ్లు. వెనక గోడ దగ్గర ప్రిన్సిపల్ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు మారిట్ పిల్లల్లో ఒక చిన్నది లేచి, “ప్రతిసారీ మేమే ఓడిపోయేటట్టయితే అసలు మీతో ఎందుకు కలవాలి?” అంది.

అరగంట కీచులాడుకుని చివరికి రెండు ఓట్లు పెట్టుకున్నారు. ఒకటి తలల లెక్కన, ఒకటి బడుల లెక్కన, రెండింటిలోనూ నెగ్గాలి. ఆనాడు రాజ్యాంగం రాసేటప్పుడు ఫిలడెల్ఫియాలో పెద్ద రాష్ట్రాలూ చిన్న రాష్ట్రాలూ చేరుకున్న రాజీ దాదాపు ఇదే. బోర్డు మీద ఆ ముక్క రాశాను.

గంట కొట్టినా ప్రిన్సిపల్ కదల్లేదు. వెళ్తూ, “వచ్చే ఏడాది కూడా ఈ గది నీదే,” అన్నారు.

బయట వాన. వ్యాను దగ్గర మారిట్ ఆగింది.

“మర్యాదకు పోయి పెట్టె పోగొట్టుకున్నాం. ఈసారైనా మీకేం కావాలో నోరు తెరిచి చెప్పండి.”

“మీరు,” అన్నాను.

ఈసారి కళ్లద్దాలు తీసి తీరిగ్గా తుడుచుకుంది.

“నాకూ మీరే. ఇక పెట్టెలాగా మూడోవాళ్లకి ఇచ్చే పని లేదు.”