పై పెదవి మీద తేనెటీగ

"పెట్టెకి స్నానం చేయిస్తున్నారా?"

మేడ మీద చెక్కపెట్టె ముందు గొంతుక్కూర్చున్న మనిషి తలెత్తాడు. పక్కన పొయ్యి మీద గిన్నెలో మైనం కరుగుతోంది. చేతిలో బ్రష్షు. ముక్కు మీద కూడా మైనమే.

"లేదండీ డాక్టర్ గారూ. లోపలి చట్రాలకి మైనం పూస్తున్నాను. కొత్త చెక్క వాసన తేనెటీగలకి పడదట. ఉండవట."

"మీ దగ్గర ఉండకపోవడానికి వాటికి వాసనొక్కటే కారణం అనుకుంటున్నారా?"

ఆమె పళ్ళ డాక్టరు. కింద వాటాలో తల్లితో ఉంటుంది. వీధి చివర సొంత క్లినిక్. నోరు తెరిచిన వాళ్ళలో లోపం పట్టుకోవడం ఆమె వృత్తి. నోరు మూసుకున్న వాళ్ళలో పట్టుకోవడం అలవాటు. అతను మేడ మీది గదిలో అద్దెకుండే కళ్ళజోళ్ళ షాపతను. దిగినప్పటి నుంచీ ఆమెకి కంట్లో నలుసే. పొద్దున్నే శ్రుతి లేకుండా పాడతాడు. కుండీల్లో మొక్కలకి గుడ్ మార్నింగ్ చెబుతాడు. ఇప్పుడు తేనెటీగలు. ఆమె లెక్కలో ఇది జబ్బు ముదరడం.

"మా అమ్మ దీనికి ఒప్పుకుందా?"

"ఒప్పుకున్నారండీ. ఒకటే షరతు. మీ ఇద్దరిలో ఎవరిని ఒక్క ఈగ కుట్టినా, పెట్టెతో పాటు నేనూ ఖాళీ చెయ్యాలి."

"మంచిది. సామాను ఇప్పుడే సర్దుకోండి. తర్వాత కంగారుండదు."

అతను నవ్వాడు. అదే ఆమెకి గిట్టనిది. ఎంత వెటకారం పోసినా తామరాకు మీద నీళ్ళలా జారిపోతుంది.

పెట్టెని నాలుగు కాళ్ళ స్టాండు మీద ఎక్కించాడు. ఒక్కో కాలి కింద ఒక్కో నీళ్ళ గిన్నె పెట్టాడు.

"ఈగలకి స్విమ్మింగ్ పూలా?"

"చీమలకి కందకమండీ."

"రాజు గారి కోట అన్నమాట. మరి తమరెవరు, తేనె మహారాజు గారా?"

"కోటలో ఉండేది రాణి ఒక్కతే. నేను వాచ్‌మన్‌ని."

ఒక సాయంత్రం గోనె గుడ్డ కప్పిన బుట్టలో తేనెటీగలు వచ్చాయి. ఆ మర్నాటి నుంచీ డాక్టరు రోజూ మేడెక్కడం మొదలుపెట్టింది. ఆధారాలు సేకరించడానికి, అని తనకి తాను చెప్పుకుంది. అతను పెట్టె మూత ఊరికే తియ్యడని, తీసేముందు రెండు సార్లు పొగ ఊదుతాడని, "క్షమించాలమ్మా" అని లోపలికి చెబుతాడని కనిపెట్టింది. ఇవేవీ మనిషిని ఇంట్లోంచి గెంటడానికి పనికొచ్చే ఆధారాలు కావు. అందుకని ఉతికిన దుప్పటే మళ్ళీ ఉతికి ఆరెయ్యడానికి వెళ్ళింది. తల్లి చూసింది.

ఆదివారం పొద్దున డాక్టరు మేడెక్కేసరికి అతను ముఖానికి జాలీ టోపీ పెట్టుకుని, మూత తీసి, చట్రం ఒకటి పైకెత్తి చూస్తున్నాడు. ఆమె చేతిలో బాగా మగ్గిన అరటిపండు ఉంది. సగం ఒలిచింది.

"ఏమంటోంది మీ రాణి? జీతం పెంచిందా?"

అతను తిరిగి చూశాడు. మొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు.

"ఆ పండు అవతల పారెయ్యండి."

"ఏమిటీ?"

"పారెయ్యండి అంటుంటే. ముందు కిందికి వెళ్ళండి."

అద్దెకున్నవాడు, ఆమె ఇంటి మేడ మీద, ఆమెకి ఆర్డరు వేస్తున్నాడు. డాక్టరు ఇంకో అడుగు ముందుకేసింది. అతని కళ్ళలోకి చూస్తూ తీరిగ్గా పండు కొరికింది.

మరుక్షణం పై పెదవి మీద నిప్పురవ్వ పడినట్టయింది.

అతను చట్రం దించి, మూత వేసి, ఒక్క ఉదుటున వచ్చాడు. ఆమె చేతిలోని పండు లాగి గోడ అవతలికి విసిరాడు. ఆమెను మెట్ల దాకా లాక్కొచ్చి, జేబులోంచి తన షాపు కార్డు తీసి, దాని అంచుతో పెదవి మీద కొండిని గీకేశాడు.

"ఈగలు కోపమొచ్చినప్పుడు ఒక వాసన వదుల్తాయండీ. శత్రువొచ్చాడని. అది అచ్చం మగ్గిన అరటిపండు వాసనే. ఊపిరి ఆడుతోందా?"

"మీరు అడ్డు తప్పుకుంటే ఆడుతుంది."

అతను తప్పుకోలేదు. మెట్టు మీద కూర్చుని, ఆమె ముఖం వంకే చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి మామూలు వాపేనని తేలాక లేచాడు. "పెద్దావిడకి చెప్పేస్తానండీ. మాట మాటే."

"నోర్ముయ్యండి," అంది డాక్టరు, వాచిన పెదవితో ఎంత గంభీరంగా అనొచ్చో అంత గంభీరంగా. "కుట్టించుకున్నది నేను. చెప్పాలో వద్దో నేను తేల్చుకుంటాను."

కోరుకున్న ఆధారం ఇప్పుడు ముఖం మీదే ఉంది. కిందికి దిగి అమ్మకి చూపిస్తే చాలు, సాయంత్రానికి పై గది ఖాళీ. పాటలుండవు. మొక్కలకి పలకరింపులుండవు. మేడ మీదికి వెళ్ళాల్సిన పనే ఉండదు.

ఆమె తిన్నగా తన గదిలోకి వెళ్ళి, క్లినిక్ మాస్కు తీసి తగిలించుకుంది.

మర్నాడు సాయంత్రం దాకా ఆ మాస్కు దిగలేదు. అన్నం గదిలోకి తెచ్చుకుని తింది. చివరికి తల్లి హాల్లో దారికి అడ్డంగా నిలబడింది.

"ఏమైందే?"

"పంటి నొప్పి."

"పళ్ళ డాక్టరుకా? ఊళ్ళో తెలిస్తే ఇక బేరం సాగినట్టే." తల్లి చెయ్యి చాచి మాస్కు కిందికి లాగింది. బూరెలా ఉబ్బిన పెదవి బయటపడింది. "ఎప్పుడు కుట్టింది?"

"అది పైవాళ్ళది కాదమ్మా. వేరే ఎక్కడిదో. క్లినిక్‌లోకి వచ్చింది."

"ముఖం చూసి గుర్తుపట్టావా? లేకపోతే అడ్రస్ చెప్పిందా?"

సరిగ్గా అప్పుడే కళ్ళజోళ్ళ షాపతను గుమ్మంలోకొచ్చాడు, చేతిలో గది తాళంచెవితో. "నా పెట్టెలోదేనండీ. డాక్టరు గారు చెప్పొద్దన్నారు. నాకు నిద్ర పట్టలేదు. రేపు ఖాళీ చేస్తాను."

డాక్టరు అతని వంక అసహ్యంగా చూసింది. "మీకు బుర్రలో కూడా మైనమేనా? ఒక మనిషి మీ కోసం నిన్నటి నుంచీ ఊపిరాడకుండా అబద్ధమాడుతుంటే, తాళంచెవి పట్టుకుని సత్యం చెప్పడానికి వస్తారా?"

"నా కోసమా?" అన్నాడతను.

డాక్టరు చెవులు కూడా పెదవి రంగులోకి వచ్చాయి.

తల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "తాళంచెవి జేబులో పెట్టుకో బాబూ. నిన్ను గెంటమని ఇది పెట్టిన పోరు పడలేక ఆ షరతు పెట్టాను. కుట్టించుకున్నదే కడుపులో పెట్టుకుంటే మధ్యలో నాకేం నొప్పి? కాకపోతే ఇకమీదట మూత తీసినప్పుడల్లా ఇది నీ పక్కనుండాలి. దీనికి నోరెక్కువ, నీకు లోకజ్ఞానం తక్కువ. ఇద్దరూ ఒకచోటుంటే నాకు కాపలా సులువు."

"అమ్మా, నన్నడగవా?"

"దుప్పటి రోజూ ఎందుకుతికావో ముందు అది చెప్పు."

డాక్టరు మాస్కు మళ్ళీ పైకి లాక్కుంది.

మర్నాడు పొద్దున ఈగలకి చక్కెర నీళ్ళు పెట్టాలి. ఉన్నది ఒకటే జాలీ టోపీ. అతను దాన్ని ఆమె తలకి పెట్టి, అంచులు మెడ చుట్టూ జాగ్రత్తగా సర్దాడు. ఆ సర్దడం అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే సాగింది.

"మరి మీకో?"

"అలవాటేనండీ. అవి నన్ను కుట్టవు."

"ఈగల వంక చూడండి మహారాజా. నా వంక కాదు."

అతను విన్లేదు. చూడాల్సిన చోట చూడని మనిషికి ఏం జరగాలో అదే జరిగింది. కింది పెదవి మీద.

తొమ్మిదింటికి ఇద్దరూ కలిసి గేటు తీసుకుని వీధిలోకి వచ్చారు. డాక్టరు మాస్కు సంచిలోనే ఉంది. ఆమెకి పై పెదవి వాపు ఇంకా సగం ఉంది. అతనికి కింది పెదవి అప్పుడే పొంగుతోంది. ఎదురింటివాళ్ళు వాకిట్లో ఊడవడం ఆపేశారు. కిరాణా కొట్టతను తూకం వేస్తూ ఆమె పెదవి చూశాడు, అతని పెదవి చూశాడు, పప్పు కింద పోశాడు.

"వాళ్ళేమనుకుంటున్నారో తెలుసా?" అన్నాడతను, నోరు తిరక్క.

"తెలుసు. మీకంటే తెలివైనవాళ్ళు."

నిజానికి వీధి అనుకున్నది శుద్ధ అబద్ధం. ఆ సాయంత్రం దాకా.