కాసేపు నేను మోస్తా

మూడు రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది సర్జన్ సుగిమోరి. ఏడో నెల గర్భిణి మిజుయెకి వస్తున్న నొప్పి బిడ్డ తన్నడం వల్ల కాదు, పుట్టుకతోనే తిత్తిలా ఉబ్బిన పిత్తనాళం వల్ల అని. కాన్పుల డాక్టర్ హతానో వింటేగా! "ఆగండి, కత్తి పెడితే బిడ్డ పోతుంది" అని ఒకటే పాట. ఈ మధ్యాహ్నం ఆ తిత్తి కాస్తా పగిలింది. పసరు పొట్టంతా పాకాక, "తొందరగా కానివ్వండి" అంటూ పరుగెత్తుకొచ్చాడు. సుగిమోరికి ఒళ్లు మండిపోయింది.

నాలుగు గంటలు పట్టింది. పొట్ట కడిగి, తిత్తి కోసి తీసి, పేగును తెచ్చి కాలేయం దగ్గర కుట్టింది. తల్లి నిలిచింది. బిడ్డ గుండె కూడా కొట్టుకుంటూనే ఉంది.

కోసి తీసింది ఇంటివాళ్లకు చూపిస్తేగానీ ఆ ఆసుపత్రిలో ఆపరేషన్ అయినట్టు కాదు. ట్రే పట్టుకుని బంధువుల గదికి వెళ్లింది. బయట ఎడతెగని వాన. గదిలో ఒక్కతే మనిషి, నిండు పొట్టతో, తడి జుట్టుతో. అక్కో వదినో అయి ఉంటుందనుకుని ట్రే మీది గుడ్డ తీసింది.

ఆమె వంగి చూసింది. చేదు వాసన... ట్రేలోంచి కాదు, ఆమె నుంచి.

"నాది ఇంకా పెద్దది," గుసగుసగా అంది. "ఎవరూ కొయ్యలేదు. ఆగమన్నారు."

"ఎవడమ్మా ఆ డాక్టరు? ఎక్కడ?" సుగిమోరి కోపం మళ్లీ రాజుకుంది.

"ఇక్కడే. ఐదు రోజులు ఆగాను... లోపల కదలడం మానేసేదాకా. ఈ పిల్లకి ఇంకా కదులుతోందిగా?"

తలుపు తెరుచుకుంది. మిజుయె భర్త తకెతొ, చేతిలో టీ సీసాతో.

"డాక్టర్ గారూ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

ఆమె కూర్చున్న కుర్చీ ఖాళీ. తడిసి ఉంది.

సుగిమోరి మిజుయె గదికి పరుగెత్తింది. మిజుయెకి అప్పుడే మెలకువ వచ్చింది.

"ఒకావిడ వచ్చింది డాక్టర్ గారూ... 'అలసిపోయావు, కాసేపు నేను మోస్తాలే' అంది."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నా..."

ముసలి నర్సు ఇసో, బిడ్డ గుండె చప్పుడు పైకి వినిపించే పరికరంతో పొట్టంతా వెతుకుతోంది. కుడివైపు... ఎడమవైపు... కింద... ఏమీ లేదు.

"ఇందాకటిదాకా ఉందమ్మా, ఒట్టు!"

"మళ్లీ చూడు! మూడు రోజులు మొత్తుకున్నాను... మూడు రోజులు!" సుగిమోరి అరిచింది.

ఆ కేకకి ఇసో చెయ్యి జారింది. పరికరం మంచం దాటి గాలిలో వేలాడింది.

టక్ టక్ టక్ టక్...

చురుగ్గా, స్పష్టంగా. పొట్టలోంచి కాదు... మంచం పక్కనుంచి.

ఆ చప్పుడు మెల్లగా తలుపు వైపు కదిలింది.