ప్రాగ్‌కు తెచ్చిన పెళ్లి కొలాచ్‌లు

ఆ ఉదయం బ్లజేనా పొయ్యి వెలిగించలేదు. కాఫీ కూడా పెట్టలేదు. తెల్లారకముందే లేచి, అట్టపెట్టె అడుగున ఉతికిన తువ్వాలు పరిచి, కొలాచ్‌లు పేర్చడం మొదలుపెట్టింది.

అరచేతిలో ఇమిడేంత గుండ్రటి తీపి రొట్టెలవి. కొన్నిటి నడుమ గసగసాల ముద్ద, కొన్నిటి నడుమ జున్ను, మిగతావాటిలో ప్లమ్ పళ్ల పాకం. మొరావియా పల్లెల్లో శుభలేఖ కంటే ముందు ఇవే గడప దాటుతాయి. పెళ్లికూతురి ఇంటివాళ్లు ఇరుగుపొరుగుకు పంచుతారు. పుచ్చుకున్నవాళ్లు తిని, దీవించి, కానుక సిద్ధం చేసుకుంటారు. ఆ తర్వాత పెళ్లి ఆగిందంటే ఆ ఇంటివాళ్లు ఆదివారం చర్చికి తల దించుకునే వెళ్లాలి.

ఊరంతా పంచడం అయిపోయింది. మిగిలింది కూతురు రాద్కా ఉంటున్న ప్రాగ్ మేడలోని ఇరుగుపొరుగే.

సగం గీసుకున్న గడ్డంతో సిరిల్ వంటింట్లోకి వచ్చి పెట్టెను చూశాడు, భార్య కాళ్లకున్న బూట్లను చూశాడు.

"అమ్మాయి వద్దంది కదే ఫోన్లో."

"సిగ్గుపడి వద్దంది. నన్ను చూసుకోవడానికి నువ్వొచ్చినప్పుడు నేనూ వద్దన్నాను. వెళ్లిపోయావా?"

సిరిల్ నవ్వాడు కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బ్లజేనా అరవై దాటిన మనిషి, ప్రాగ్ మొహం చూసి ఎరగదు. పందొమ్మిదేళ్ల పిల్లగా రాద్కా ఆ ఊరు వెళ్లింది. కొన్నాళ్లు చూసి వచ్చేస్తానంది. రాలేదు. అక్కడ ట్రామ్ నడిపే ఉద్యోగంలో చేరానని చెప్పిన రోజు బ్లజేనా ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత కూతురు ఎన్నిసార్లు రమ్మన్నా, పెరట్లో కోళ్లున్నాయనో, మోకాలు నొప్పనో చెప్పి తప్పించుకుంది. అసలు కారణం సిరిల్‌కు మాత్రమే తెలుసు. తాను వెళ్లిందంటే కూతురు అక్కడ ఉండిపోవడానికి ఒప్పుకున్నట్టే. అందుకే వెళ్లలేదు.

ఇప్పుడు ఆ బాధ తీరింది. పెళ్లయ్యాక రాద్కా ఒలొమౌత్స్‌లో పెళ్లికొడుకు వీతెక్ ఇంటికి వెళ్లిపోతుంది. ట్రామ్ వదిలేస్తుంది. ఇంటికి గంట దూరంలో ఉంటుంది. బ్లజేనా ధైర్యంగా రైలెక్కింది.

ప్రాగ్ స్టేషన్‌లో దిగగానే ఆ ధైర్యం కాస్త సడలింది. మెట్రోలోకి దిగే మెట్లు వాటంతటవే పరిగెడుతున్నాయి. వాటి మీద కాలు పెట్టడానికి భయపడి ఆమె పక్కకు నిలబడితే, వెనక వచ్చినవాళ్లు గుడి స్తంభాన్ని దాటుకున్నట్టు దాటుకుపోయారు. చివరికి కళ్లు మూసుకుని కాలు పెట్టింది. ఆ తర్వాత అడుగడుక్కీ ఎవరినో ఒకరిని అడుగుతూ, పెట్టెను గుండెలకు హత్తుకుని, వ్ర్షొవిత్సె పేటలో కూతురి మేడ చేరేసరికి వీపంతా తడిసిపోయింది.

రాద్కా తలుపు కొట్టలేదు. కూతురు చూస్తే ఆపుతుందని తెలుసు. ముందు పంచేయాలి, ఆ తర్వాత ఏమైనా అననీ. కింది అంతస్తులో మొదటి గంట నొక్కింది.

తలుపు తీసిన ముసలావిడ పేరు హెర్మీనా. కొలాచ్ అందుకుని, మురిసిపోయి, ఎవరి పెళ్లని అడిగింది. పై అంతస్తు రాద్కాదని బ్లజేనా గర్వంగా చెప్పింది. హెర్మీనా చేతిలోని కొలాచ్ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"పొడుగ్గా, కళ్లద్దాలు పెట్టుకునే అబ్బాయేనా?"

"అతనే. వీతెక్."

"అతను ఈస్టర్‌కే సామాను తీసుకెళ్లిపోయాడు కదమ్మా. బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంటే మావాడే సాయం పట్టాడు." ఆవిడ కొలాచ్‌ను రుమాలులో మళ్లీ చుట్టేసింది. "మళ్లీ కలిశారేమోలే. ఈ కాలం పిల్లలు."

బ్లజేనాకు మెట్లు ఎలా ఎక్కిందో తెలియదు.

రాద్కా తలుపు తీసింది. డ్యూటీకి వెళ్లబోతూ యూనిఫాం చొక్కా గుండీలు పెట్టుకుంటోంది. తల్లిని చూసింది, పెట్టెను చూసింది. తర్వాత రాద్కా చెప్పుల అరలోకి వంగి, అన్నిటికన్నా వెనక నుంచి ఒక జత తీసి తల్లి ముందు పెట్టింది. గళ్ల బట్టతో కుట్టిన మెత్తటి ఇంటి చెప్పులు. అరలో ఉన్నవన్నీ అరిగిపోయినవే, ఇవి మాత్రం కొత్తవి.

బ్లజేనా బూట్లు విప్పి వాటిలో కాళ్లు పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. అదీ మంటగానే తోచింది.

"వీతెక్ వాళ్లమ్మకి కొన్నావా ఇవి?"

"వేసుకో అమ్మా."

"అడిగిందానికి చెప్పు. ఈస్టర్‌కే వెళ్లిపోయాడట. కింద ఆవిడ చెబితే తెలిసింది నాకు, కన్నతల్లికి."

రాద్కా గోడకు ఆనుకుంది. జరిగింది దాచకుండా చెప్పింది. ప్రాగ్, ఉద్యోగం వదిలేసి ఒలొమౌత్స్‌లోని తమ ఇంటికి రమ్మన్నాడు వీతెక్. రాలేనంది. గొడవ పడలేదు, అరుచుకోలేదు. అతను సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో చెప్పాలని ఆదివారం ఫోన్ తీసేసరికి, తండ్రి పంపిన ఫొటో వచ్చి ఉంది. వంటింటి బల్ల నిండా కొలాచ్‌లు, పిండి చేతులతో నవ్వుతూ తల్లి.

"అప్పటికే పంచేశావని రాశారు నాన్న. ఏం చెప్పను?"

"ఊరు ఊరంతా తిన్నారే. ఫాదర్‌గారు కూడా తిన్నారు." బ్లజేనా పెట్టెకేసి చూసింది. "ఇప్పుడు నేను ఏ మొహంతో..."

"ఏ మొహమూ దాచుకోనక్కర్లేదు. వీతెక్‌కి ఫోన్ చేశా. ఈ మధ్యాహ్నం నా ట్రామ్ ఆగే చివరి స్టాప్‌కి వస్తున్నాడు. సరేనంటాను. పెళ్లి జరుగుతుంది. చాలా?"

బ్లజేనాకు ఊపిరి తిరిగింది. ఆ క్షణంలో తనకు కలిగింది సంతోషమేనని తర్వాత చాలాకాలం ఆమె మర్చిపోలేదు. వెంటనే, తానూ వస్తానంది. మధ్యలో మనసు మార్చుకుంటావేమో, ఆ మాట నా ముందే చెప్పమంది. రాద్కా అదోలా చూసి, సంచి భుజాన వేసుకుని బయలుదేరింది. తల్లి పెట్టె పట్టుకుని వెనకే పరుగెత్తింది. కాళ్లకు ఇంటి చెప్పులే ఉన్న సంగతి వీధిలోకి వచ్చేదాకా గమనించలేదు. అప్పటికి ట్రామ్ వచ్చేసింది.

అందాకా నడిపిన డ్రైవర్ దిగగానే రాద్కా ముందు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బండి నడుస్తుండగా డ్రైవర్‌తో మాట్లాడకూడదు. బ్లజేనా సరిగ్గా ఆ అద్దం తలుపు వెనక సీట్లో కూర్చుంది. అక్కడి నుంచి లోపలి చిన్న అద్దంలో కూతురి మొహం కనిపిస్తుంది.

ట్రామ్ కదిలింది. ఇరుకు వీధులు, ఆ వెంటనే జనం, ఆ వెంటనే నది. వంతెన మీదికి ఎక్కగానే బండిలో అందరూ కుడివైపుకు తిరిగి కొండ మీది కోటకేసి చూశారు. బ్లజేనా చూడలేదు. ఆమె చూపు చిన్న అద్దం మీదే ఉంది.

ఇంట్లో చూసిన మొహం కాదది. పొంగక చతికిలబడ్డ పిండిలా ఉన్న ఆ మొహం ఇక్కడ ఎలా పొంగిందో బ్లజేనాకు అర్థం కాలేదు. ఫోన్‌లో కళ్లు పెట్టుకుని ఒకడు పట్టాల మీదికి నడిచాడు. రాద్కా గంట కొట్టి, బండిని అంగుళం దూరంలో ఆపింది. చిరాకుపడలేదు. వేలు ఆడించింది, అంతే. వాడు చేతులు జోడించి తప్పుకున్నాడు. మరో స్టాప్‌లో కర్ర పట్టుకుని ఒక అవ్వ అవతలి నుంచి వస్తుంటే తలుపు తెరిచి ఉంచింది. ఆవిడ ఎక్కి, ముందుకు వచ్చి, అద్దం మీద కర్రతో టక్కున ఒక దెబ్బ కొట్టింది. రాద్కా వెనక్కి చూడకుండానే నవ్వింది. రోజూ జరిగే మర్యాదలా ఉంది.

"ఈ పిల్ల బండైతే పాలగిన్నె పట్టుకుని కూర్చున్నా తొణకదు" అంది అవ్వ బ్లజేనా పక్కన కూర్చుంటూ. తర్వాత కిందికి చూసి, "ఇంట్లోంచి పారిపోయి వచ్చారా ఏమిటి?" అని అడిగింది.

బ్లజేనా కాళ్లు సీటు కిందికి లాక్కుంది. ఈ పిల్ల నా కూతురు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ రాని మనిషి ఏ అధికారంతో చెబుతుంది?

ఊరు వెనకబడింది, జనం పల్చబడ్డారు. చివరి స్టాప్ దగ్గరపడుతుండగా అద్దంలో కూతురి మొహం మళ్లీ చతికిలబడటం బ్లజేనా కళ్లారా చూసింది. దూరంగా బెంచీ దగ్గర పూలగుత్తితో వీతెక్ నిలబడి ఉన్నాడు.

బీలా హోరా. పట్టాలు గుండ్రంగా తిరిగి వెనక్కి మళ్లే చోటు. బ్లజేనా అందరికంటే ముందు దిగబోయింది. కాలు కింద పెట్టగానే ఏదో విరిగినట్టయింది. కుడి చెప్పు అడుగు అట్ట మొత్తం ఊడి మెట్టు మీదే ఉండిపోయింది. ఆమె కంకర మీద ఒంటికాలిపై నిలబడింది. రాద్కా గదిలోంచి దూకినట్టు వచ్చి తల్లిని పట్టుకుంది. ఊడిన అట్టను చేతిలోకి తీసుకుంటే అది పొడిపొడిగా రాలింది.

"కొత్తవి కదే ఇవి" అంది బ్లజేనా బిత్తరపోయి.

"కొత్తవే. వాడలేదు, అంతే." రాద్కా నవ్వబోయింది, కుదరలేదు. "ఆ ఇంట్లో దిగిన మొదటి వారం కొన్నా. నువ్వొస్తే కాళ్లకు చలి పుడుతుందని. జిగురు ఎండిపోయినట్టుంది."

బ్లజేనా ఆ పొడిని చూస్తూ ఉండిపోయింది. కూతురు ప్రతి చలికాలం ఆ అరలో వెనక్కి చేయి పెట్టి, ఆ జతను తాకి, మళ్లీ అక్కడే పెట్టేసి ఉంటుంది. చివరికి తాను వచ్చింది. కూతురి కోసం కాదు, కొలాచ్‌ల కోసం.

వీతెక్ దగ్గరికి వచ్చాడు. "అత్తయ్యా, మీరూ వస్తారని రాద్కా చెప్పలేదు."

"ఇంకా అత్తయ్యను కాలేదు నాయనా." ఆమె అతని మొహంలోకి చూసింది. చెడ్డవాడు కాదు, అది ఆమెకు ఎప్పుడూ తెలుసు. "ఒక్క మాట చెప్పు. ఇది బండి నడుపుతుంటే ఎప్పుడైనా వెనక సీట్లో కూర్చుని చూశావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "లేదు."

"నేనూ ఇవాళే చూశా."

ఆమె కూతురి వైపు తిరిగింది. "నా మొహం చూసి చెప్పొద్దు. ఊరి మొహం అసలే వద్దు. అటు తిరిగి చెప్పు."

రాద్కా ట్రామ్ వైపు తిరిగింది. వీపు కదులుతున్న తీరును బట్టి ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

"రాలేను వీతెక్. క్షమించు."

"ఈ మాట ఈస్టర్‌కే చెప్పావు" అన్నాడతను నెమ్మదిగా. "నేనే వినలేదు." పూలగుత్తి ఏం చేయాలో తోచక బ్లజేనా చేతిలో పెట్టి, స్టేషన్ వైపు వెళ్లే బస్సు ఎక్కేశాడు.

అదే ట్రామ్‌లో తిరిగి వస్తూ బ్లజేనా సిరిల్‌కు ఫోన్ చేసి, పెళ్లి లేదని చెప్పింది. ఊరికి ఏం చెప్పాలని అడిగాడతను.

"నువ్వేం చెప్పకు. పంచింది నేను. ప్రతి గడపా మళ్లీ తొక్కి నేనే చెప్తా."

"అమ్మాయి ఎలా ఉందే?"

"బండి నడుపుతోంది. చాలా బాగా నడుపుతోందయ్యా. ఒకసారి వచ్చి చూడు."

పక్కన కూర్చున్న మనిషికి కూడా చెప్పింది, అడగకపోయినా. ముందు ఉన్నది నా కూతురు అని.

డ్యూటీ దిగాక తల్లీకూతుళ్లు మేడ మెట్లెక్కారు. బ్లజేనా ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి వట్టి మేజోడుతో ఎక్కింది. హెర్మీనా తలుపు తీసే ఉంచింది. రుమాలులో చుట్టిన కొలాచ్ ఆవిడ చేతిలో అలాగే ఉంది. పెళ్లి సంగతి తేలేదాకా తినడానికి మనసొప్పలేదట.

"తినండి" అంది బ్లజేనా.

"దేనికని తినమంటారు మరి?"

బ్లజేనా కూతురి వైపు చూసింది. రాద్కా పెట్టె మూత తీసి, గసగసాలవి ఇంకో రెండు ఆవిడ చేతిలో పెట్టింది.

"మా అమ్మ మొదటిసారి ప్రాగ్ వచ్చింది."

మిగిలిన తలుపులన్నీ ఇద్దరూ కలిసే కొట్టారు. ప్రతి గడప దగ్గరా రాద్కా అదే చెప్పింది. పై అంతస్తుకు చేరేసరికి పెట్టె ఖాళీ అయింది. బ్లజేనా మేజోడు చిల్లుపడింది. రాద్కా తన చెప్పులు విప్పి తల్లి కాళ్ల ముందు పెట్టి, తాను వట్టి కాళ్లతో వంటింట్లోకి వెళ్లి కాఫీ నీళ్లు పెట్టింది.

"ఏయ్, చలి చేస్తుందే నీకు" అంది బ్లజేనా. ఆ చెప్పులు ఒక సైజు పెద్దవి. వాటిని ఈడ్చుకుంటూ కూతురి వెనకే వెళ్లింది. "ఈసారి వచ్చేటప్పుడు నా పాతవి తెచ్చుకుంటా. ఇక్కడే వదిలేసి పోతా."