నాలుగోసారి డైనో ఎక్కిన ఇంజిన్

"నా పని బాగాలేదని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నావట?"

ట్రక్కులోంచి ఇంజిన్ దించకముందే లోర్నా అడిగేసింది. రేసు డ్రైవర్ డ్వైట్ కెస్లర్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"ఊరంతానా? పవర్ తగ్గిందని హార్లన్‌తో అన్నానంతే."

"ఆ హార్లన్ పొద్దున్నే ఫోన్ చేశాడు. తన ఇంజిన్ ఇంకెక్కడికో తీసుకుపోతాడట. ఆ గొలుసు చివర పట్టుకో, దించుదాం!"

మన్సీ ఊరి చివర ఆ షెడ్డు లోర్నా తండ్రి ఓరిన్‌ది. పోయిన చలికాలం ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి డైనో అనే కొలత యంత్రం మీద రేసు ఇంజిన్లను పరుగెత్తించి, బలం కొలిచి, సరిచేసేది లోర్నాయే. ఆడపిల్ల ఏం చేస్తుందిలే అన్నవాళ్లు ఇప్పుడిప్పుడే మళ్లీ గుమ్మం తొక్కుతున్నారు.

డ్వైట్ ఇంజిన్ రావడం ఇది నాలుగోసారి.

ఆమె దాన్ని డైనోకి బిగించి, అద్దం వెనక నిలబడి థ్రాటిల్ లాగింది. గోడలు అదిరాయి. ముల్లు మూడువందల తొంభై ఒకటి దగ్గర ఆగిపోయింది.

"పోయిన నెల ఇదే ఇంజిన్ నాలుగువందల పన్నెండు హార్స్‌పవర్ ఇచ్చింది" అంటూ ఇంజిన్ ఆపి స్పార్క్ ప్లగ్ ఊడదీసింది. మసిబొగ్గులా ఉంది. పెట్రోలు ఎక్కువ తాగుతోందన్నమాట. కార్బ్యురేటర్ విప్పి, పెట్రోలు వదిలే చిన్న జెట్లు వెలుతురుకు ఎత్తి, వాటి రంధ్రం సైజు నంబరు చూసింది.

"డెబ్భై ఆరు! నేను పెట్టినవి డెబ్భై రెండు."

ప్లగ్‌లో నిప్పురవ్వ పడే వేళ, ఇగ్నిషన్ టైమింగ్ మీదా ఆమెకు అనుమానం వచ్చింది. అవే జెట్లు తిరిగి బిగించి, మళ్లీ స్టార్ట్ చేసి, టైమింగ్ లైటు పెట్టి చూసింది. ముప్ఫై నాలుగు డిగ్రీలుండాల్సింది ముప్ఫైకి దిగింది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

డ్వైట్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే."

"ఎందుకూ?"

"బాగా నడిచే ఇంజిన్‌ని నీ దగ్గరికి ఏమని తీసుకురావాలి లోర్నా?"

పానా బల్లమీద దభీమని పడింది.

"మనిషివి రావడానికి ఏమైంది? నోరు లేదా నీకు?"

"భోజనానికి రమ్మని రెండుసార్లు అడిగాను. పనుందన్నావు."

"ఉంది కాబట్టే అన్నాను! నీ సరదాకి ముగ్గురు కస్టమర్లు పోయారు. షెడ్డు అమ్మేద్దామని నాన్న రాత్రి అన్నాడు. ఆయన కన్నీళ్లు పెట్టుకోవడం అంతకుముందు నేనెప్పుడూ చూళ్లేదు, తెలుసా?"

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "నిజంగా తెలీదు. నేను..."

"బయటికి నడు. ఇంజిన్ సరిచేసి పంపిస్తాను. దాని తప్పేం లేదు."

అతను వెళ్లాక జెట్లు మార్చింది, టైమింగ్ ముప్ఫై నాలుగుకి తెచ్చింది. నాలుగువందల పన్నెండు. కోపం తీరక ఇంకో డిగ్రీ ముందుకు జరిపింది. నాలుగువందల పదిహేను! ఇంకో డిగ్రీ జరిపితే మళ్లీ పడిపోయింది. ఆ డిగ్రీ వెనక్కి తెచ్చి బిగించేసింది.

శనివారం మధ్యాహ్నం రేస్‌ట్రాక్‌లో డ్రైవర్లందరూ చేరినచోట డ్వైట్ మైకు అందుకున్నాడు. లోర్నా కంచె పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

"నా ఇంజిన్ పాడుచేసింది నేనే. కావాలనే పాడుచేశాను. లోర్నా ప్రూయిట్ పనిలో వంక లేదు. ఆమె దగ్గర మానేసినవాళ్లు నా మూలంగా మోసపోయారు."

"కావాలని ఎందుకు పాడుచేశావురా?" హార్లన్ అరిచాడు.

"ఆమెను చూడ్డానికి."

నవ్వులతో జనం ఊగిపోయారు. డ్వైట్ తలదించుకుని అలాగే నిలబడ్డాడు. హార్లన్ టోపీ తీసి కంచె దగ్గరికొచ్చాడు. "సోమవారం నా ఇంజిన్ తెస్తానమ్మాయ్. మీ నాన్నకి చెప్పు."

రేసులో డ్వైట్ రెండో రౌండ్‌లోనే ఓడాడు. గీత దగ్గరే ఆలస్యంగా కదిలాడు. హెల్మెట్ తీసేసరికి లోర్నా ఎదురుగా ఉంది.

"అంత బలమిస్తే ఇలాగేనా నడపడం?"

"ఇంకా కోపంగానే ఉన్నావా?"

"చాలా! ఇంకా సగం కూడా తిట్టలేదు." ఆమె అతని ట్రక్కెక్కి తలుపు గట్టిగా వేసింది. "ఆకలేస్తోంది. శాండ్‌విచ్ కొనిపెట్టు. తినడం అయ్యేదాకా తిడతాను."

డ్వైట్ తాళం తిప్పాడు.

"అయితే పెద్దదే కొంటాను" అన్నాడు.