స్వాములు ఎంతమంది?

షేక్‌పేటలోని ఆ చిన్న ఇంట్లోంచి పొద్దున్నే పోపు ఘాటు వీధిలోకి కొట్టింది. పుష్పవల్లి ఫిల్మ్‌నగర్ షూటింగులకు భోజనాలు వండి పంపుతుంది. వంకాయ కూర కలుపుతూనే మాటిమాటికీ కిటికీలోని ఫోను వైపు చూస్తోంది. అది మోగడం లేదు. వారం నుంచీ అంతే.

"రవిచంద్ర గారు ఫోన్ చేయలేదేమే?"

"వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టారమ్మా. మన ఏఐ అసిస్టెంట్ జవాబిచ్చేసింది. రోజూ పంపే భోజనాలే," అంది కూతురు హిమజ, క్యారేజీలు తుడుస్తూ.

"అయితే ఇక నాతో ఎవరికీ మాటల్లేవన్నమాట. వండి పడేస్తే చాలు."

తల్లి ముంజేతి మీద కమిలిన మచ్చ చూసి హిమజ తల దించుకుంది. పోయిన నెల ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని గారెలు తీస్తుంటే, ఫోను జారి మూకుడులో పడింది. కాగే నూనె చిందింది. ఆ తర్వాతే హిమజ వీడియోలు చూసి నేర్చుకుని, ఆర్డర్లు తీసుకునే పని అసిస్టెంట్‌కు అప్పగించింది. ఎందుకో మాత్రం తల్లికి చెప్పలేదు. చెబితే "నాకేం కాలేదు పో" అని కొట్టిపారేస్తుందని భయం.

భోజనాల వేళకు ఫోను మోగింది. ప్రొడక్షన్ మేనేజర్ రవిచంద్ర.

"ఏంటమ్మా ఇది? యూనిట్లో అయ్యప్ప స్వాములున్నారు. మాల వేసుకున్నవాళ్ళకి కోడిగుడ్డు కూర, ఉల్లిపాయ కూరలూనా? ఒంటిపూట తినేవాళ్ళు, పస్తున్నారిక్కడ! కార్తీకం వస్తే మీరే ముందు అడిగేవారు కదా?"

పాలిపోయిన ముఖంతో పుష్పవల్లి ఫోను పెట్టేసి కూతురి వైపు తిరిగింది. "అడగలేదా అది?"

"నేను... దానికి చెప్పలేదమ్మా. నువ్వైనా గుర్తు చేయలేదు."

"అంత తెలివైనదన్నావుగా, అడిగే ఉంటుందనుకున్నా! నా ఫోను లాక్కున్నావు. నేను పనికిరానని నోటితో అనకుండానే అనేశావు. తీసెయ్ దాన్ని. నువ్వూ నా వంటింట్లోకి రాకు. ఎక్కడన్నా ఉద్యోగం చూసుకో!"

ఎప్పుడూ గొంతెత్తని హిమజ ఒక్కసారిగా బావురుమంది.

"నీ చెయ్యి చూసుకున్నావా? నిద్దట్లో నువ్వు మూలగడం నేను విన్నానమ్మా! ఆ నూనె ఈసారి ముఖం మీద పడితే? నాన్న పోయాక నాకు ఎవరున్నారు? పొయ్యి దగ్గర నీ చేతిలో ఫోను ఉండకూడదనే పెట్టాను. నిన్ను పక్కన పెట్టడానికి కాదు."

పుష్పవల్లి గభాలున కొంగు ముంజేతి మీదికి లాక్కుంది.

"స్నానం చేసి రా," అంది మెల్లగా. "వాళ్ళు ఆకలితో ఉన్నారు."

వేరే గిన్నెలు కడిగి పప్పు, బెండకాయ వేపుడు, పరమాన్నం చేశారు. ఆటోలో జూబ్లీహిల్స్ షూటింగ్ బంగళాకు చేరేసరికి నల్లబట్టల్లో స్వాములు గోడ నీడన కూర్చుని ఉన్నారు. పుష్పవల్లి విస్తళ్ళు పరిచి తానే వడ్డించింది.

"తప్పైంది స్వామీ," అంది.

"ఏంది మాతా గట్లంటరు?" అన్నాడు లైట్‌మ్యాన్ మల్లేశం. "గింత ఎండల ఉరికొచ్చి పెడ్తున్నరు. ఫికర్ చెయ్యకున్రి. జర పప్పెయ్యున్రి."

బరువుకు పప్పు గిన్నె పుష్పవల్లి చేతిలో పక్కకు ఒరిగింది. హిమజ పక్కకొచ్చి గిన్నె పట్టుకుంది. పుష్పవల్లి ఈసారి కాదనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పుష్పవల్లి కూతురి వైపు చూడకుండానే అంది: "నొప్పని చెబితే వంట మానేయమంటావని దాచానే."

"వంట నిన్నెవరు మానమంటారమ్మా?"

"ఫోను తీసుకున్నావుగా. తర్వాత గరిటేననుకున్నా."

హిమజ తల్లి భుజం మీద తల వాల్చింది.

మర్నాడు పొద్దున కిటికీ పక్కన, పొయ్యికి దూరంగా, ఒక కుర్చీ వెలిసింది. పుష్పవల్లి అందులో కూర్చుని ఆర్డరిచ్చేవాళ్ళని తాను పలకరించే మాటలు చెబుతుంటే హిమజ అసిస్టెంట్‌కు నేర్పింది. సాయంత్రం రవిచంద్ర ఆర్డర్ పెట్టగానే అది అడిగింది: "నాయనా, బాగున్నారా? స్వాములు ఎంతమంది?"

"ముగ్గురమ్మా. మీరే అడిగితే ధైర్యంగా ఉంది," అని జవాబొచ్చింది.

హిమజ తడబడింది. "నువ్వే రాశావనుకుంటున్నారమ్మా. ఏం చెప్పను?"

పుష్పవల్లి కళ్ళు తుడుచుకుంది.

"నేను కాదని చెప్పు. మా అమ్మాయి నేర్పిందని కూడా చెప్పు."