నాన్న మౌత్‌పీస్

పొద్దున్నే మేడమీది గదిలో క్లారినెట్ కీచుమంది. చిట్టి కాఫీకప్పును ఠపీమని బల్ల మీద పెట్టింది. అత్త మీది కోపం దుత్త మీద! పాపం, కప్పేం చేసింది?

"మొదలైంది వదిన సంగీతం! పిల్లి తోక తొక్కినట్టు లేదూ?" అంది, పైకి వినపడాలనే.

"నెమ్మదే తల్లీ," అంది అమ్మ.

నెమ్మది ఎక్కణ్ణుంచి వస్తుంది? నిన్న నాన్న క్లారినెట్ మౌత్‌పీస్‌ని, నోట్లో పెట్టుకుని ఊదే ఆ ముక్కని, వదిన కుళాయి కింద పదిలంగా కడగడం చిట్టి కళ్లారా చూసింది. నాన్న పళ్లు ఆని ఆని గుంటలు పడిన మౌత్‌పీస్ అది. "వేరేవాళ్ల నోట్లో పలకదు," అంటూ చిట్టిని ఏనాడూ ముట్టుకోనివ్వలేదు. ఆయన దగ్గరే క్లారినెట్ నేర్చుకుని తను ఆర్కెస్ట్రాలో ముందు వరసకు వచ్చినా ఇవ్వలేదు. పైపళ్లు తీయించి కట్టుడుపళ్ల సెట్టు పెట్టించుకున్నాక ఆయన వాయించడం మానేశాడు. ఇప్పుడు నిన్నగాక మొన్న వచ్చిన కోడలికి ఇచ్చి, తలుపేసుకుని పాఠాలా? చిట్టిది అసూయే, కాదనడమెందుకు?

మళ్లీ కీచు. ఇక ఆగలేక మెట్లెక్కి తలుపు తోసింది.

"కూతురు పనికిరాలేదు గానీ కోడలు..."

వదిన చేతిలో అద్దం ఉంది. క్లారినెట్ నాన్న నోట్లో ఉంది. పక్కన గిన్నెలో పళ్ల సెట్టు.

"ఆ పిల్లిని నేనేనమ్మా," అన్నాడు నాన్న, నవ్వబోయి.

"ఎవరికీ చెప్పొద్దని మామయ్యగారు ఒట్టేయించుకున్నారు," అంది వదిన. "ఆయన పెదవులు ఆయనకి కనపడేలా అద్దం పట్టుకోవడం తప్ప నాకేం వచ్చు?"

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"నీకు నేర్పినవాణ్ణి. ఈ కీచులు నువ్వు వింటే నాకు తలకొట్టేసినట్టుంటుంది. సెట్టు పెట్టుకుంటే కదిలిపోతోంది, తీస్తే పట్టు దొరకట్లేదు. ఇంక నావల్ల కాదు. నువ్వే ఉంచుకో."

మౌత్‌పీస్ ఊడదీసి చేతికిచ్చాడు. ఇన్నాళ్లూ కోరుకున్నది అరచేతిలోకి వచ్చేసరికి చిట్టికి ఏడుపు ఆగలేదు. దాన్ని తీసుకుని మళ్లీ క్లారినెట్‌కే బిగించింది.

"నా పాలపళ్లు ఊడినప్పుడు ఏం చెప్పావు?"

"ఏం చెప్పాను?"

"రెండు పెదవులూ లోపలికి మడిచి పట్టు, పళ్లతో పనేంటి అన్నావు. ఊఁ, మడువు."

నాన్న మడిచి ఊదాడు. ఉత్త గాలే వచ్చింది.

"దవడ బిగించకు," అంటూ ఆయన గడ్డం కింద వేలు పెట్టింది చిట్టి.

ఈసారి ఒక స్వరం వణుకుతూ వచ్చి నిలబడింది. కింద వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"వదినా, అద్దం కాస్త పైకెత్తు," అంది చిట్టి కళ్లు తుడుచుకుంటూ. "నవ్వకు నాన్నా! నవ్వితే పట్టు పోతుంది."